తూనీగకు నాలుగిళ్ళ మాట

మనుషులకు ఇంటిపేరు ఎలాగో, ఆకాశంలో తిరిగే ఓడలకు ముందుపేరు అలాగ. ఇంటిపేరు చెబితే ఎవరి తాలూకో తెలిసినట్టే, ముందుపేరు చూస్తే ఆ ఓడ ఎవరిదో, దానికి కష్టమొస్తే ఎవరు పరిగెత్తుకు రావాలో తెలుస్తుంది. 'ప్రజా' అని ఉంటే అది అందరిదీ. దారిన పోయే ఏ ఓడైనా తన పని మానుకుని దాని దగ్గరికి వెళ్ళి తీరాలి. 'సేన' అని ఉంటే దాని జోలికి మనం వెళ్ళనక్కర్లేదు, అవసరమైతే అదే మన జోలికి వస్తుంది. 'వర్తక' అంటే వ్యాపారులది. కాపాడినవాళ్ళకైన ఖర్చు ఆ వ్యాపారులే ఇచ్చుకుంటారు.

ఇక 'శేష' అని ఒకటుంది. ఓడ ముసలిదైపోయి, పనికిరాదని తేల్చాక పాత ముందుపేరు గీకేసి ఈ మాట రాస్తారు. ఆ రోజు నుంచి అది ఓడ కాదు, ఇనుము. ఇనుములో మనుషులుండరు కదా! అందుకని శేష ఓడలో ఎవరూ లేనట్టే లెక్క. దాన్ని విడగొట్టే రేవు దాకా నడుపుకుపోయేది మాత్రం మనుషులే. వేరే ఓడల్లో పని దొరకనివాళ్ళు.

ఇదంతా నేను పుస్తకాలు చదివి చెబుతున్నది కాదు. నాకు ఉత్తరం చదువుకునేంత చదువుంది, అంతే. మా అమ్మాయి ఓడెక్కుతానన్న రోజున భయంకొద్దీ కనబడ్డవాళ్ళందర్నీ అడిగి తెలుసుకున్నాను. దానిది 'ప్రజా తూనీగ' అనే చిన్న టపా ఓడ. అందులో నలుగురే. కెప్టెన్ ఒకామె, చుక్కాని పట్టే అబ్బాయి, వంటా మందూమాకూ రెండూ చూసుకునే ఆయన, ఇంజను చూసే మా అమ్మాయి. ముందుపేరు ప్రజా అని తెలిశాక ఒక రాత్రి నిద్రపోయాను. మర్నాడు ఇంకో భయం దొరికింది.

నేను పనిచేసేది రేవు వెనక గాలితొడుగుల షాపులో. ఓడ బయటికి వెళ్ళి మరమ్మతులు చేసేవాళ్ళు వేసుకునే తొడుగులవి. పై పొరలు మిషన్లు తయారుచేస్తాయి. ఒంటికి తగిలే అస్తరు మాత్రం మేం చేత్తో కచ్చాకుట్టు వేసి, చంకలూ మెడా సరిచూసి, అప్పుడు మిషను మీద పెడతాం. ఎక్కడ కుట్టు వదులైతే ఎక్కడ ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే చిరుగుతుందా, చిరిగితే లోపలున్న మనిషి ఏమవుతాడు? పొద్దస్తమానం ఇదే ఆలోచన. ఇలాంటి పని చేసేదానికి మంచి ఆలోచనలు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి. పైగా నేను పుట్టు పిరికిదాన్ని. ఫోను మోగితే చావుకబురనుకుంటాను. మోగకపోతే, చెప్పే ధైర్యం లేక ఊరుకున్నారనుకుంటాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను మొదటి సగం దగ్గరే కూలబడిపోతానని వంటాయన భార్య నాకు 'కీడెంచమ్మ' అని పేరు పెట్టింది. రేవంతా అదే పేరు అయిపోయింది.

రేవులో ఓడలవాళ్ళ ఇళ్ళవాళ్ళ కోసం ఒక హాలు ఉంది. ఒక్కో ఓడకు ఒక్కో బెంచీ, బెంచీ పైన గోడకు ఓడ పేరున్న రేకు. వారానికోసారి అక్కడికెళ్ళి స్పీకరులో మన పిల్లల గొంతు వినొచ్చు. తూనీగ బెంచీ మీద మేం నలుగురం. కెప్టెన్‌గారి భర్త బడిలో లెక్కలు చెబుతారు, మాస్టారంటాం. చుక్కాని అబ్బాయి వాళ్ళ నాన్న సందు మొదట్లో గడియారాలు బాగుచేస్తాడు. నేను బాబాయ్‌గారనే పిలుస్తాను. ఆయనకు భార్య లేదు, ఆ కొడుకొక్కడే. తర్వాత వంటాయన భార్య, నా వరసకు వదిన. నోరు పెద్దది, చెయ్యీ పెద్దదే. ఆఖర్న గోడవారగా నేను.

ఇప్పుడు ఇంటి మాట సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

శేష ఓడ కష్టంలో ఉండి పిలిస్తే వెళ్ళాలన్న రూలు లేదు. వెళ్ళకూడదన్న రూలూ లేదు. కానీ వెళ్ళిన ఓడ తిరిగి తన దారికొచ్చేదాకా తన ముందుపేరు పోగొట్టుకుంటుంది. ఇనుము కోసం దారి తప్పిన ఓడకు ఏమైనా అయితే, దాని కోసం ఇంకెవరూ రానక్కర్లేదన్నమాట. అందుకని కెప్టెన్‌కు వెళదామని ఉంటే ముందు ఇళ్ళవాళ్ళను అడగాలి. వెనకటి రోజుల్లో కెప్టెన్లు తమ పేరు కోసం మా పిల్లల్ని బలిపెడుతున్నారని తల్లులందరూ పోయి రేవు ఆఫీసు అద్దాలు పగలగొట్టారట. అప్పట్నుంచీ ఈ పద్ధతి. ఓడలో ఉన్న ప్రతి మనిషి ఇంటి నుంచీ ఒకరు హాలులో నిలబడి, 'వెళ్ళమనండి' అనో 'వద్దు' అనో పైకి చెప్పాలి. ఎందుకని ఎవరూ అడగరు. ఒక్క వద్దు చాలు, ఓడ తన దారిన తను పోతుంది. కెప్టెన్ ఇల్లు మొదట, తర్వాత చుక్కాని, తర్వాత వంట, ఇంజను చివర.

అంతకుముందు రెండుసార్లు మమ్మల్ని అలా అడిగారు. రెండుసార్లూ వాళ్ళు ముగ్గురూ వెళ్ళమన్నారు. నేను వద్దన్నాను. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. బాబాయ్‌గారు నిట్టూర్చాడు. వదిన అయితే, "ఈ కీడెంచమ్మ ఉండగా మనవాళ్ళు పుణ్యం మూటగట్టుకున్నట్టే!" అని అందరికీ వినబడేట్టు అంది. అని, నా చేతిలో కూరల సంచీ లాక్కుని మా ఇంటిదాకా మోసుకొచ్చి ఇచ్చింది. బాబాయ్‌గారు ఆ వారంలోనే మా గోడ గడియారం తీసుకెళ్ళి అద్దం మార్చి తెచ్చాడు, ఎంతన్నా ఏమీ పుచ్చుకోలేదు. పిరికిదాన్ని కదా, జాలిపడుతున్నారనుకున్నాను.

ఆ రెండు ఓడలూ ఏమయ్యాయో మాకు తెలియదు. శేష ఓడల సంగతి ఎవరూ చెప్పరు.

మూడోసారి కబురొచ్చేసరికి నేను ఒక తొడుగు మెడ దగ్గర అస్తరు విప్పుతున్నాను. ఎవరో కొత్తపిల్ల కుట్టింది, కుట్టు వంకరపోయింది. హాలు నుంచి పిలుపని మా మేస్త్రీ కేకేశాడు. అంతే, నా గుండె జారి చెప్పుల్లో పడింది. చేతిలో కత్తెర చేతిలోనే ఉంది, బట్టల నిండా దారప్పోగులు, అలాగే పరిగెత్తాను.

హాలు గుమ్మం బయట ఇస్త్రీ ఆమె నిలబడి ఉంది. మా వీధి మలుపులో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఎప్పుడూ కనిపించినచోట కాకుండా ఇంకోచోట కనిపిస్తే మనిషిని పోల్చుకోవడానికి కాస్త సేపు పడుతుంది కదా, అలా తెల్లబోయి చూశాను.

"ఇక్కడున్నావేంటే?"

"మా ఆయన మిణుగురులో ఉన్నాడక్కా," అంది. "లోపలికి రానివ్వట్లేదు."

హాలు గుమాస్తా లోపల్నుంచి, "శేష మిణుగురులో ఎవరూ లేరమ్మా. లేనివాళ్ళ కోసం నువ్వు ఎదురుచూసేదేముంటుంది? గుమ్మానికి అడ్డం తప్పుకో," అన్నాడు. కోపంగా అనలేదు. రోజూ అనేమాట అన్నట్టు అన్నాడు. ఆమె ఒక పక్కకు జరిగింది కానీ వెళ్ళలేదు.

మిగతా ముగ్గురూ అప్పటికే వచ్చేశారు. బాబాయ్‌గారు కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదకు తోసుకుని, చిన్న చేతిగడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో కూడా పని ఆపినట్టు లేదు. గుమాస్తా మీట నొక్కాడు. ఓడ నుంచి మాట రావడానికి కాస్త సేపు పడుతుంది, మన మాట అక్కడికి చేరడానికీ అంతే. స్పీకరులో కెప్టెన్‌గారి గొంతు వచ్చింది.

"శేష మిణుగురు ఇంజను చచ్చిపోయి కొట్టుకుపోతోంది. లోపల గాలి పాడవుతోందంటున్నారు. మాకు దగ్గరే. రాళ్ళ గుంపొకటి అటు వస్తోంది. ఇప్పుడే బయల్దేరితే అది వచ్చేలోగా వాళ్ళను ఎక్కించుకుని బయటపడగలం. ఆలస్యమైతే కష్టం. ఇంటి మాట అడుగుతున్నాను."

ఇంటి మాట అడిగేటప్పుడు పిల్లలు మాట్లాడకూడదు. మనసు మారుస్తారని. కానీ కెప్టెన్‌గారి మాటల వెనకాల ఇంజను మోతలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అది మా అమ్మాయే. భయమేసినప్పుడు చిన్నప్పట్నుంచీ అలాగే చేస్తుంది.

గుమాస్తా నిలబడ్డాడు. "కెప్టెన్ ఇల్లు?"

మాస్టారు లేచి, "మానవధర్మం కదండీ. వెళ్ళమనండి," అన్నారు. గుమాస్తా ఆ మాట మైకులో చెప్పి పంపాడు. ఎవరిది వారికి, అప్పటికప్పుడు పంపేస్తారు. మాస్టారు కూర్చోలేదు. గోడకానించిన గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

"చుక్కాని ఇల్లు?"

"వెళ్ళమనండి," అన్నాడు బాబాయ్‌గారు తలెత్తకుండానే. ఒళ్ళో గడియారానికి వెనక మూత బిగించి, జేబులో వేసుకుని, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"వంట ఇల్లు?"

"వెళ్ళమనండి, పాపం! వాళ్ళూ ఒక తల్లి బిడ్డలే," అంది వదిన. ఆ వెంటనే మోచేత్తో నన్ను పొడిచి, గొంతు తగ్గించి, "ఇంక నీ పాట నువ్వు పాడెయ్ వదినా, పొయ్యి మీద కుక్కర్ పెట్టొచ్చాను," అంది.

గుమాస్తా నా వైపు చూశాడు. కాదు, చూడలేదు. ఆయన చెయ్యి అప్పుడే స్పీకరు మీట ఆపడానికి వెళుతోంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి, మూడోసారికి గాని అర్థం కాలేదు. ముగ్గురికీ వెళ్ళమనే ఉద్దేశం లేదు. ఎప్పుడూ లేదు. నేను చివర్న ఉన్నానని ధైర్యంగా వెళ్ళమంటున్నారు. పుణ్యానికి పుణ్యం, పిల్లలకు క్షేమం. పాపం మాత్రం కీడెంచమ్మది. కూరల సంచీ మోసింది అందుకు. అద్దం మార్చింది అందుకు.

గుమ్మం వైపు చూశాను. ఇస్త్రీ ఆమె నా మాట కోసం ఆగలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగుతోంది. నా సంగతి రేవంతటికీ తెలుసుగా.

"వెళ్ళమనండి," అన్నాను.

ధైర్యమనుకోకండి. ధైర్యమైతే నాకే తెలిసేది. కోపమా అంటే, అంత కోపమూ లేదు. నోట్లోంచి వద్దన్న మాటే వస్తుందని నేనూ చూస్తున్నాను, ఇది వచ్చింది.

గుమాస్తా చెయ్యి మీట మీదే ఆగిపోయింది. "ఏమన్నారు?"

"వెళ్ళమన్నాను."

"సరిగ్గా చెప్పమ్మా," అన్నాడు బాబాయ్‌గారు. "పరాచికాలకు ఇదా సమయం?"

"సరిగ్గానే చెప్పాను బాబాయ్‌గారూ."

గుమాస్తా ఒక్క క్షణం మా నలుగురినీ చూశాడు. తర్వాత మైకు దగ్గరికి వంగి, ఇంజను ఇల్లు వెళ్ళమందని చెప్పేశాడు. అప్పుడు లేచింది గొడవ. మాస్టారు గొడుగుతో బల్ల మీద కొట్టి, "ఆవిడ కంగారులో ఏదో అన్నారు. ఇంకోసారి అడిగే పద్ధతి లేదా?" అన్నారు.

"ఎవర్ని అడగమంటారు మాస్టారూ? ఆవిడ వెళ్ళమన్నారు, మీరూ వెళ్ళమన్నారు. మీరంది కంగారులో కాదుగా?"

మాస్టారు గొడుగు బల్ల మీంచి తీసేశారు.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు," అన్నాడు గుమాస్తా. "ఇక్కడ నిజంగానే దాటిపోయింది. నేనేం చెయ్యలేను."

ఆయన గోడ దగ్గరికెళ్ళి మా రేకు మీద 'ప్రజా' అన్న ముక్కను పక్కకు లాగి తీసేశాడు. దాని కింద గోడ కొత్త సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. తూనీగ అన్న మాట ఒక్కటీ మిగిలింది, ఎవరి తాలూకో తెలియని మనిషిలాగా. ముందుపేరు లేని ఓడకు బెంచీ లేదు. మమ్మల్ని బయటికి వెళ్ళమన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాం. ఇస్త్రీ ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు, తిరిగొచ్చి కింది మెట్టు మీద కూర్చుంది.

వదిన ఊరుకునే రకం కాదు. "ఇన్నాళ్ళూ లేని పుణ్యం ఇవాళే పుట్టుకొచ్చిందా వదినా?"

"నువ్వు వెళ్ళమన్నావుగా."

"నేనంటే అంటాను! నువ్వు వద్దనాలి గానీ!" అనేసి, తనేమందో తనకే వినబడినట్టుంది, నోరు నొక్కుకుంది. కింది మెట్టు మీద ఇస్త్రీ ఆమె తల వంచుకుంది. అంతవరకూ ఆ సంగతి ఆమెకు కూడా తెలియదు.

బాబాయ్‌గారు మాతో కూర్చోలేదు. రోడ్డుకవతల దీపస్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా," అంది ఇస్త్రీ ఆమె, "నా కోసమే అన్నావా?"

అవునంటే ఎంత బాగుండేది. "తెలీదే," అన్నాను.

"మీవాళ్ళు వెళ్ళేసరికి ఆయన ఉంటాడో లేడో. ఉత్తి పుణ్యానికి మీ పిల్లనీ..." అని ఆపేసింది.

ఆ మాట నాకు తట్టనేలేదు. వీళ్ళు వెళ్ళేసరికే వాళ్ళు పోయి ఉండొచ్చు. అన్ని కీడులూ ఎంచే నేను అది ఎంచలేదు.

నాకొక నమ్మకం ఉంది, చెబితే నవ్వుతారు. మనం ముందే ఊహించుకున్న ఆపద మనకు జరగదు. ఆపదెప్పుడూ అనుకోనివైపు నుంచే వస్తుంది. కాబట్టి అన్నివైపులా అనుకుని ఉంచితే దానికి దారుండదు. మా అమ్మాయిని పెంచింది అలాగే. మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టాను. ఇంజను పేలింది. పొగ కమ్మింది. ఓడకూ ఓడకూ మధ్య గొట్టం ఊడిపోయింది. తొడుగు వేసుకుని బయటికెళ్ళింది, చంక కింద కుట్టు వదులైంది, అది నేను కుట్టిందే. ఒక్కొక్కటీ కళ్ళారా చూసి, ఏడ్చి, పక్కన పెట్టి, ఇంకోటి తీశాను. చీకటిపడింది, తెల్లవారింది. మధ్యలో వదిన ఇంటికెళ్ళి ఏదో వండి తెచ్చింది. ఎవరూ తినలేదు. ఆమె మాత్రం ఇస్త్రీ ఆమె చేతిలో ఒక డబ్బా పెట్టి, "తిను, నువ్వేం చేశావ్ మధ్యలో," అంది విసుగ్గా.

మర్నాడు ఎండ మెట్ల మీదకొచ్చాక గుమాస్తా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో 'ప్రజా' అన్న రేకు ముక్క ఉంది. అది చూడగానే తూనీగ దారికొచ్చేసిందని తెలిసి వదిన ఒక్క కేక పెట్టింది. గుమాస్తా నవ్వలేదు.

"మిణుగురులో బతికున్నవాళ్ళను ఎక్కించుకున్నారు," అని ఇస్త్రీ ఆమె వైపు తిరిగి, "మీ ఆయన ఉన్నాడు," అన్నాడు. అలా అనడం రూలుకు విరుద్ధం. తర్వాత రోడ్డు దాటి దీపస్తంభం దగ్గరికి నడిచాడు. అక్కడేం చెప్పాడో మాకు వినబడలేదు. బాబాయ్‌గారు సంచీ కింద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టడం చూశాం.

వెనక్కి వచ్చేటప్పుడు పిడికిలంత రాయి ముందు అద్దంలోంచి దూసుకొచ్చిందట. ఆ అద్దం వెనక కూర్చునేది చుక్కాని పట్టేవాడు. వెనక తలుపు దానంతటదే మూసుకుపోయి మిగతావాళ్ళు బతికారు.

నేను మా అమ్మాయి కోసం రాత్రంతా అన్ని దారులూ కాపలా కాశాను. ఆ అబ్బాయి కోసం ఒక్క కీడు కూడా ఊహించలేదు.

తూనీగ రేవుకొచ్చాక మా అమ్మాయి ఇంటికొచ్చి పడుకుంది. రెండు పూటలు లేవలేదు. లేచాక కంచం ముందు పెడితే, కలుపుతూ కూర్చుంది.

"తినవే. మెతుకు దిగకపోతే పెరుగు వెయ్యనా?"

"అమ్మా, నీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పనంటే చెబుతాను."

పెరుగు గిన్నె కింద పెట్టాను. "చెప్పు."

"ముందు మాస్టారి మాట వచ్చింది. తర్వాత బాబాయ్‌గారిది, తర్వాత అత్తది. మూడూ వెళ్ళమనే. ఇంక మిగిలింది నువ్వేగా." కంచంలోకే చూస్తోంది. "కీడెంచమ్మ ఉంది, మనకేం భయం లేదని చుక్కాని అబ్బాయి నవ్వాడు. నవ్వి, చుక్కాని టపా దారికి తిప్పేశాడు. కెప్టెన్ చూసి కూడా ఏమీ అనలేదు. నేనూ ఇంజను వేగం పెంచేశాను. మేం అప్పటికే వెళ్ళిపోతున్నామమ్మా. నీ మాట వచ్చేసరికి ఓడ పూర్తి వేగం అందుకుంది. మళ్ళీ ఆపి, తిప్పుకుని వెనక్కి వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికే రాళ్ళు దగ్గరికొచ్చాయి. ముందే ఉన్నచోట ఉండి ఉంటే..."

"ఊరుకో."

"ముందే వెళ్ళి వచ్చేసేవాళ్ళం, అదీ."

"ఊరుకోవే తల్లీ. తిను."

తినలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ కంచం నేనే తీశాను.

మర్నాడు షాపుకు సెలవు పెట్టి గడియారాల కొట్టుకు వెళ్ళాను. ఏం చెప్పాలని వెళ్ళానో నాకే తెలియదు. తప్పు నాది కాదు బాబాయ్‌గారూ, మీ అబ్బాయే తొందరపడి చుక్కాని తిప్పాడు అని చెప్పగలనా? చెబితే నా మీద బరువు కాస్త దిగుతుంది. దిగి ఎవరి మీద పడుతుంది?

కొట్టు తెరిచే ఉంది. ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, భూతద్దం కంటికే ఉంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. గోడ మీద గడియారాలన్నీ తలో సమయం చూపిస్తున్నాయి. ఇదివరకు ఆయన పొద్దున్నే వచ్చి అన్నిటినీ సరిచేసేవాడు.

"కూర్చోమ్మా," అన్నాడు. కూర్చున్నాను.

"మీ అమ్మాయి బాగుందా?"

"బాగుంది."

"ఏమన్నా చెప్పిందా? మావాడు... చివర్లో ఏమన్నా అన్నాడా?"

నవ్వాడు అని చెప్పాలి. నవ్వి, మనకేం భయం లేదన్నాడని చెప్పాలి. నా నోటికి ఇంకో మాట వచ్చింది.

"మా నాన్న వెళ్ళమన్నాడని చెప్పుకున్నాడట బాబాయ్‌గారూ. గర్వంగా అన్నాడట."

ఎందుకలా కల్పించానో. ఓదార్పు అనుకున్నాను. ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కన్ను చుట్టూ ఎర్రగా గుండ్రంగా గుర్తు పడి ఉంది.

"గర్వంగానా?" అన్నాడు.

"అవునట."

"నేను మనస్ఫూర్తిగా అనలేదమ్మా." గొంతు చాలా మామూలుగా ఉంది, ఏదో గడియారంలో ఏం పాడైందో చెబుతున్నట్టు. "వాడు నిజమనుకున్నాడన్నమాట. నేను ఊరికే అన్నాను. నువ్వు వద్దంటావనుకున్నాను."

ఆయన నన్ను తిట్టడం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు. ఏదైనా చెబుతాననీ, నేను చెప్పే మాటతో అది ఇంకోలా మారిపోతుందనీ చూస్తున్నాడు. నా దగ్గర ఒక్కటే నిజం ఉంది.

"నేనూ అలాగే అనుకున్నాను బాబాయ్‌గారూ," అన్నాను.